తెగిన రాగి పైపును అతకడం: సోల్డరా, పుష్ ఫిటా, కంప్రెషనా?

మన ఊళ్లలో ఇంటి నీళ్ల పైపంటే సీపీవీసీ, అంతకు ముందు తరంలో జీఐ. రాగి గొట్టం చూసేది ఏసీ దగ్గరే. అందుకే అమెరికాలో ముప్పై నలభై ఏళ్ల నాటి ఇల్లు కొన్న తెలుగువాళ్లకు రాగి పైపుతో పరిచయం ఎక్కువగా రెండు రకాలుగా మొదలవుతుంది. సీలింగ్ మీద పసుపు మరక కనిపించి డ్రైవాల్ (జిప్సం పలక) కోస్తే లోపల చిలుము పట్టిన పైపు, దాని మీద సూదిమొనంత రంధ్రం. లేదంటే టీవీ గోడకి బిగిస్తూ స్క్రూని సరాసరి పైపులోకి దించేయడం. రెండింటికీ వైద్యం ఒకటే. పాడైన ముక్కను కోసి తీసేసి, మిగిలిన రెండు కొసలనూ మళ్లీ కలపాలి.

ఎలా కలపాలని వెతికితే రెండు జట్లు కనిపిస్తాయి. మంటతో లోహం కరిగించి అతకనిదే, అంటే సోల్డర్ చెయ్యనిదే, అది జాయింటే కాదనేవాళ్లు ఒకవైపు, నొక్కితే అతుక్కునే ఫిటింగ్ ఉండగా ఇంకా మంట ఎందుకనేవాళ్లు ఇంకోవైపు. నన్నడిగితే ఏ జాయింటు మంచిదన్న ప్రశ్న రెండోది. పైపు ఎక్కడ తెగింది అన్నది మొదటిది. ఆ పైపులో నీళ్లు పూర్తిగా ఆగుతాయా? చుట్టూ చెక్క, ఇన్సులేషన్ ఉన్నాయా? పని అయ్యాక మళ్లీ గోడ మూసేస్తారా, లేక ఎప్పుడైనా చెయ్యి పెట్టి చూసుకోగలరా? ఈ మూడింటికీ జవాబు తెలిస్తే ఎంపిక దాదాపు అయిపోయినట్టే. ధర చివర్న చూసుకోవచ్చు.

కొనేముందు కొలత

అమెరికాలో అరంగుళం రాగి పైపు అన్నది పేరే. దాని బయటి వ్యాసం అంగుళంలో 5/8 వంతు, అంటే దాదాపు 15.9 మిల్లీమీటర్లు. ముప్పావు అంగుళం పైపుకి బయటి వ్యాసం 7/8 అంగుళం. నీళ్ల రాగి పైపుల్లో పేరు కన్నా బయటి కొలత ఎప్పుడూ 1/8 అంగుళం ఎక్కువ. టేపు పెట్టి కొలిచి, 5/8 వచ్చింది కదా అని 5/8 ఫిటింగ్ తెచ్చుకుంటే మళ్లీ షాపుకి పరుగే. ఆన్‌లైన్లో కొనేవాళ్లకి ఇంకో మాట: బ్రిటన్ పైపులు 15, 22 మిల్లీమీటర్ల లెక్కలో ఉంటాయి. 15 మిల్లీమీటర్ల ఫిటింగ్ చూడ్డానికి అరంగుళానిదిలాగే ఉంటుంది కానీ అమెరికా పైపు దానిలో దూరదు.

పైపు మీద రాత ఎర్రగా ఉంటే టైప్ ఎం, నీలమైతే ఎల్, ఆకుపచ్చయితే కె. తేడా అంతా గోడ మందంలోనే. అరంగుళం సైజులో ఎం 0.028 అంగుళాలు, ఎల్ 0.040, కె 0.049. బయటి కొలత మూడింటికీ ఒకటే కాబట్టి ఫిటింగులు మారవు. కొత్తగా వేసే ముక్కకి మాత్రం ఎల్ తీసుకోండి. రెండడుగుల ముక్కలో ధర తేడా పెద్దగా ఉండదు, మందం మాత్రం దాదాపు ఒకటిన్నర రెట్లు.

కొలతల్లో చాలామందికి తట్టని విషయం ఇంకోటుంది. రెండు పైపు కొసల్ని కలిపే పొట్టి గొట్టాన్ని కప్లింగ్ అంటారు. మామూలు కప్లింగ్ లోపల మధ్యలో చిన్న గట్టు ఉంటుంది, పైపు అక్కడిదాకా వెళ్లి ఆగుతుంది. గోడలో రెండువైపులా బిగిసిపోయిన పైపుకి ఇది పనికిరాదు. రెండో కొసను దూర్చాలంటే పైపును పక్కకి లాగాలి, అది కదలదు. దీనికి గట్టు లేని రిపేర్ కప్లింగ్ కావాలి, దాన్నే స్లిప్ కప్లింగ్ అంటారు. కప్లింగ్‌ని ఒక పైపు మీదకి పూర్తిగా జరిపేసి, కొత్త ముక్కను ఎదురుగా పెట్టి, మళ్లీ సగం వెనక్కి జరపాలి. సరిగ్గా మధ్యలో నిలిచేలా ముందే మార్కర్‌తో గీత పెట్టుకోవాలి. రెండు కొసలకి రెండు స్లిప్ కప్లింగులు, మధ్యలో ముక్క. పుష్ ఫిట్‌లో అయితే పొడుగాటి స్లిప్ కప్లింగ్ ఒకటి దొరుకుతుంది, సుమారు రెండంగుళాల ఖాళీని అదొక్కటే దాటేస్తుంది. సూదిరంధ్రం, స్క్రూ రంధ్రం లాంటి వాటికి అంతకన్నా సులువైన దారి లేదు.

సోల్డర్: చోటు అనుకూలిస్తే దీన్ని మించింది లేదు

పైపుకీ ఫిటింగ్‌కీ మధ్య ఉండే సన్నని సందులోకి కరిగిన లోహం దానంతటదే పాకి గడ్డకడుతుంది. లోపల రబ్బరు లేదు, బిగించాల్సిన నట్టు లేదు. శుభ్రంగా చేసిన సోల్డర్ జాయింటు పైపు ఉన్నంత కాలం ఉంటుంది. గోడలో మూసేసినా బెంగ లేదు. ఖర్చు కూడా తక్కువే, రాగి కప్లింగ్ ఒకటి రెండు డాలర్లలో వచ్చేస్తుంది. కానీ టార్చ్, గ్యాస్ సిలిండర్, ఫ్లక్స్ (సోల్డర్ బాగా అంటుకునేలా ముందు పూసే పేస్టు), సోల్డర్, బ్రష్‌లు, మంట ఆపే గుడ్డ అన్నీ కొత్తగా కొంటే ఆ ఒక్క జాయింటుకీ వంద డాలర్ల దాకా అవుతుంది. చౌక అనే మాట ఐదారు జాయింట్లు చేసేవాళ్లకే వర్తిస్తుంది.

దీనికి అసలు శత్రువు నీళ్లు. తగరం, యాంటిమొనీ కలిసిన 95/5 సోల్డర్ కరగాలంటే 232 నుంచి 240 డిగ్రీల సెల్సియస్ కావాలి. పైపులో నీళ్లున్నంతసేపూ ఆ చోటు వంద డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, మీరిచ్చే వేడంతా ఆవిరి చెయ్యడానికే సరిపోతుంది. మెయిన్ వాల్వ్ పాతదైతే ఎంత తిప్పినా సన్నగా కారుతూనే ఉంటుంది. ఇక్కడే ఎక్కువమంది ఓడిపోతారు, టార్చ్ పట్టుకోవడం రాక కాదు. మెయిన్ కట్టేసి, ఇంట్లో అన్నిటికన్నా కింద ఉన్న కుళాయి, అన్నిటికన్నా పైనున్న కుళాయి రెండూ తెరిచి పెట్టండి. పైనుంచి గాలి వస్తేనే కింద నీళ్లు ఖాళీ అవుతాయి. ఇంకా చుక్కలు పడుతుంటే పాత ప్లంబర్ల చిట్కా ఒకటుంది. తెల్ల బ్రెడ్డు అంచులు తీసేసి, మధ్య భాగాన్ని ఉండ చేసి పైపులోకి తోస్తారు. అది కాసేపు చుక్కల్ని పీల్చుకుని ఆపుతుంది. తర్వాత నీళ్లు వదిలితే కరిగి కొట్టుకుపోతుంది. అంచులు మాత్రం కరగవు, కుళాయి జల్లెడలో ఇరుక్కుంటాయి. అందుకే నీళ్లు వదిలేముందు ఆ జల్లెడ విప్పి పక్కన పెట్టాలి.

చేసే విధానం చదవడానికి చిన్నదే. పైపు కొసనీ ఫిటింగ్ లోపలనీ కొత్త రాగి మెరిసేదాకా ఎమరీ గుడ్డతో, బ్రష్‌తో రుద్దాలి. రుద్దాక వేలితో ముట్టుకోకండి, వేలి జిడ్డు కూడా అడ్డమే. ఫ్లక్స్ పల్చగా పూసి, దూర్చి, ఒకసారి తిప్పాలి. మంటను ముందు పైపు మీద కాస్త ఆడించి, తర్వాత ఫిటింగ్ మీద నిలపాలి. ఫ్లక్స్ బుడబుడలాడి పొగ వచ్చాక, మంటకి ఎదురు వైపు సోల్డర్ తీగ ఆనించి చూడండి. తగిన వేడి ఉంటే తీగ మంట తగలకుండానే కరిగి లోపలికి లాక్కుపోతుంది, చుట్టూ వెండిగీత ఏర్పడుతుంది. ముత్యాల్లా ఉండకట్టి జారిపోతుంటే ఇంకా వేడెక్కలేదని, లేదా మరీ ఎక్కువ వేడెక్కి ఫ్లక్స్ మాడిపోయిందని అర్థం. మాడి నల్లబడితే ఇంకా సోల్డర్ రుద్ది లాభం లేదు, విప్పి శుభ్రం చేసి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. అరంగుళం పైపుకి అరంగుళం పొడుగు తీగ, ముప్పావుకి ముప్పావు, అంతే చాలు. మిగిలిన ఫ్లక్స్‌ని తడిగుడ్డతో తుడిచేయాలి, నీళ్లు కూడా కాసేపు పారించాలి. లోపల పేరుకున్న ఫ్లక్స్ రాగిని తినేసి కొన్నేళ్లకి అక్కడే కొత్త రంధ్రం పెట్టగలదు.

ఇంజనీర్ల ఇళ్లలో డ్రాయర్లో ఒక సోల్డర్ చుట్ట ఉంటుంది, సర్క్యూట్ బోర్డుల కోసం కొన్న 60/40. అందులో నలభై శాతం సీసం. తాగునీటి పైపుకి దాన్ని పొరపాటున కూడా తాకించకండి. అమెరికాలో తాగునీటి పైపులకి సీసం సోల్డర్‌ని 1986లోనే నిషేధించారు. అంతకు ముందు కట్టిన ఇల్లయితే పాత జాయింట్లలో సీసం ఉండే అవకాశం ఉంది. వాటిని కెలికే పని ఉంటే ప్లంబర్‌తో మాట్లాడటం మంచిది.

ఇక మంట సంగతి. ఇక్కడి గోడలు చెక్క చట్రాలు, లోపల కాగితం అతికించిన ఇన్సులేషన్. టార్చ్ తీసేశాక కూడా చట్రం లోపల నిప్పు కణం పొగ లేకుండా రాజుకుంటూ ఉండొచ్చు. మంట ఆపే గుడ్డ వెనక కట్టాలి, చెక్కని ముందే నీళ్లతో తడపాలి, మంటలార్పే సిలిండర్ చేతికందేలా పెట్టుకోవాలి, పని అయ్యాక కనీసం అరగంట అక్కడే ఉండాలి. పక్కింటితో గోడ కలిసిన టౌన్‌హౌస్‌లో, కాండోలో సొంతంగా టార్చ్ వెలిగించొద్దనే నా సలహా. బేస్‌మెంట్ సీలింగ్‌కి వేలాడుతూ చుట్టూ ఖాళీ ఉన్న పైపయితే నిరభ్యంతరంగా సోల్డర్ చెయ్యండి, నేర్చుకోవడానికి కూడా అదే మంచి చోటు. అంతకు ముందు గరాజ్‌లో బల్ల మీద నాలుగైదు ముక్కలు అతికి, వాటిని అడ్డంగా కోసి, సోల్డర్ లోపలిదాకా పాకిందో లేదో చూసుకోండి.

పుష్ ఫిట్: తడి పైపుకి, కంగారు రోజుకి

షాపులో అందరూ షార్క్‌బైట్ అనే అంటారు, ఇతర కంపెనీలవీ ఉన్నాయి. ఇత్తడి ఫిటింగ్ లోపల స్టీలు పళ్ల రింగు ఒకటి, దాని వెనక రబ్బరు ఓ-రింగు ఒకటి ఉంటాయి. పైపుని తోస్తే పళ్లు పట్టుకుంటాయి, రబ్బరు నీళ్లను ఆపుతుంది. పైపులో నీళ్లు కారుతున్నా పరవాలేదు, అదే దీని గొప్ప. అరంగుళం కప్లింగ్ పది డాలర్లకి అటూ ఇటూ ఉంటుంది, వేరే పనిముట్టు అక్కర్లేదు. ఒక్క జాయింటు మాత్రమే చేసేవాళ్లకి లెక్క వేస్తే సోల్డర్ కన్నా ఇదే చౌక.

సులువు కదా అని నిర్లక్ష్యం చేస్తే మాత్రం కారుతుంది. పైపుని రంపంతో వంకరగా కోసి, అంచు గరుకు తియ్యకుండా తోస్తే, ఆ గరుకు ఓ-రింగుని గీరేస్తుంది. అది బయటికి కనిపించదు. ఆ రోజు కారకపోవచ్చు, నెలల తర్వాత మొదలవ్వచ్చు. ట్యూబ్ కట్టర్‌తో కొయ్యండి. గోడలో చోటు లేకపోతే అరచేతిలో పట్టే చిన్న కట్టర్ దొరుకుతుంది. ఒక్కో చుట్టుకి కొంచెం కొంచెంగా బిగించాలి, తొందరపడి బిగిస్తే పైపు గుండ్రతనం పోతుంది. కొస లోపలా బయటా గరుకు తీసేయాలి. ప్యాకెట్ మీద చెప్పిన లోతు, అరంగుళం పైపుకి సుమారు ఒక అంగుళం, మార్కర్‌తో గీసుకుని, ఫిటింగ్ ఆ గీతని తాకేదాకా తొయ్యాలి. సగంలో ఒకసారి అడ్డుపడినట్టు అనిపిస్తుంది, అది ఓ-రింగు. అక్కడే అయిపోయిందనుకుని ఆపేసేవాళ్లు చాలామంది. ఇంకా గట్టిగా తోస్తే చప్పున లోపలికి దిగుతుంది. బిగిశాక కూడా చేత్తో తిప్పితే ఫిటింగ్ తిరుగుతుంది, కంగారు పడక్కర్లేదు, అది దాని స్వభావం. పైపు మీద పెయింటు, పాత సోల్డర్ బొట్లు, లోతైన గీతలు ఉన్న చోట మాత్రం వెయ్యకండి.

గోడలో మూసేయొచ్చా? తయారీదారులు మూసేయొచ్చంటారు, చాలా చోట్ల ప్లంబింగ్ కోడ్ (స్థానిక నిర్మాణ నిబంధనలు) కూడా ఒప్పుకుంటుంది. స్థానిక ఇన్‌స్పెక్టర్ మాట వేరుగా ఉండొచ్చు. నా అభిప్రాయమేమిటంటే, ఓ-రింగు ఎంత మంచిదైనా రబ్బరు రబ్బరే. డ్రైవాల్ పూర్తిగా మూసి పెయింటు వేసే బదులు, ఆ చోట పది పదిహేను డాలర్ల ప్లాస్టిక్ తలుపు ఒకటి పెట్టేస్తే సరిపోతుంది. బట్టల అలమరా లోపలి గోడయితే ఎవరికీ కనిపించదు కూడా.

పుష్ ఫిట్‌కీ, ప్లాస్టిక్ ముక్క మధ్యలో పెట్టే పద్ధతికీ వర్తించే జాగ్రత్త ఒకటుంది, షాపువాళ్లు దీన్ని చెప్పరు. పాత ఇళ్లలో ఎలక్ట్రికల్ గ్రౌండింగ్ (మన ఎర్తింగ్) రాగి నీళ్ల పైపుకి కలిపి ఉంటుంది. మధ్యలో రబ్బరు, ప్లాస్టిక్ వస్తే ఆ తోవ తెగిపోవచ్చు. మెయిన్ నీళ్ల లైను దగ్గర గ్రౌండ్ తీగ బిగించిన క్లాంప్ కనిపిస్తే, పైపు కొయ్యకముందే ఎలక్ట్రీషియన్‌ని అడగండి. తెగిన చోటుకి రెండువైపులా క్లాంపులు వేసి రాగి తీగతో కలుపుతారు, చిన్న పనే.

కంప్రెషన్, ప్రెస్, పెక్స్, పుట్టీ

సింకు కింద, కమోడ్ వెనక వాల్వ్ మార్చాలంటే మరో ఆలోచన లేకుండా కంప్రెషన్ తీసుకోండి. ఇత్తడి రింగు, నట్టు, రెండు రెంచీలు. ఒక రెంచీతో వాల్వ్‌ని కదలకుండా పట్టుకుని ఇంకోదాంతో నట్టు బిగించాలి, లేకపోతే గోడలోని పైపు మెలితిరుగుతుంది. ఈ మరలకి టెఫ్లాన్ టేపు చుట్టే అలవాటు మానుకోవాలి, నీళ్లను ఆపేది మర కాదు, పైపుని కరిచిపట్టే రింగు. చేత్తో బిగిశాక రెంచీతో ఒక చుట్టుకి అటూ ఇటూ చాలు. చెమ్మ కనిపిస్తే ఇంకో పావు చుట్టు. బలమంతా పెట్టి బిగిస్తే రింగు పైపుని నొక్కేస్తుంది, ఆ తర్వాత ఎంత తిప్పినా కారుతూనే ఉంటుంది. బ్రిటన్‌లో దీన్ని చెయ్యి అందే ప్రతిచోటా వాడతారు. గోడలో పాతిపెట్టడానికి మాత్రం అక్కడైనా ఇక్కడైనా వద్దు.

ప్రెస్ ఫిటింగ్ అంటే ప్లంబర్ తుపాకీలాంటి యంత్రంతో క్షణాల్లో నొక్కేసి వెళ్లిపోయేది. తడి ఉన్నా పనవుతుంది, మంట లేదు. యంత్రం ఖరీదు వేలల్లో, ఒక్క జాయింటు కోసం దాని జోలికి పోనక్కర్లేదు. వాటర్ హీటర్ చుట్టూ పది జాయింట్లు మార్చాలనుకుంటే రోజు అద్దెకి తెచ్చుకోవడం ఆలోచించదగ్గదే. దవడలు పైపు చుట్టూ పట్టేంత ఖాళీ ఉందో లేదో ముందే చూసుకోవాలి. ఒకసారి నొక్కితే వెనక్కి తీసుకోలేం, తప్పొస్తే కోసేయడమే.

పాడైన ముక్క పొడుగ్గా ఉండి, పైపు వంపులు తిరిగే చోటయితే రెండు పుష్ ఫిట్ కప్లింగుల మధ్య పెక్స్ (వంగే ప్లాస్టిక్) గొట్టం పెట్టేయడం తెలివైన పని. ఎండ తగిలే చోట పెక్స్ వద్దు, వాటర్ హీటర్‌కి మొదటి 18 అంగుళాల లోపల కూడా వద్దు. ఇక ఎపాక్సీ పుట్టీ, రబ్బరు పెట్టి బిగించే క్లాంపు తెల్లారేదాకా ఆగడానికే.

పైపు గడ్డకట్టి పగిలితే

2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో కరెంటు పోయి ఇళ్లు చల్లబడిపోయినప్పుడు డాలస్, హ్యూస్టన్ ప్రాంతాల్లో ఎంతోమంది ఇళ్లలో పైపులు పగిలాయి, మనవాళ్ల ఇళ్లూ అందులో ఉన్నాయి. ప్లంబర్ల కోసం రోజుల తరబడి ఎదురుచూపులు, బయటి రాష్ట్రాల ప్లంబర్లను రానివ్వడానికి ప్రభుత్వం నిబంధనలు సడలించాల్సి వచ్చింది. అలాంటి రోజు కోసం గరాజ్‌లో రెండు అరంగుళం పుష్ ఫిట్ స్లిప్ కప్లింగులు, రెండు ముప్పావు అంగుళానివి, ఒక చిన్న కట్టర్ ఉంచుకుంటే టెన్షన్ సగం తగ్గుతుంది.

ఐసు వల్ల పగిలిన రాగి పైపు నిలువుగా చీలుతుంది. చీలిక రెండంగుళాలే కనిపించినా, దానికి అటూ ఇటూ పైపు కంటికి తెలియనంతగా ఉబ్బి ఉంటుంది. ఉబ్బిన చోట కోస్తే ఏ ఫిటింగూ ఎక్కదు. కొత్త కప్లింగ్‌ని పైపు మీద పెట్టి జరుపుతూ పోండి, ఎక్కడినుంచి సాఫీగా ఎక్కుతుందో అక్కడ కొయ్యాలి. కోశాక ఖాళీ రెండంగుళాలు దాటిపోతుంది కాబట్టి మధ్య ముక్క, రెండో కప్లింగ్ తప్పవు. ఒక పైపు ఒక చోటే పగిలిందని కూడా అనుకోకండి, మెయిన్ తెరిచేముందు అటక మొత్తం చూసి రండి.

నీళ్లు వదిలేటప్పుడు

మెయిన్ కట్టినప్పుడే కరెంటు వాటర్ హీటర్ బ్రేకర్ ఆపేయండి, గ్యాస్‌దైతే నాబ్‌ని పైలట్ (చిన్న మంట మాత్రమే వెలిగే స్థానం) మీద పెట్టండి. ట్యాంకు నిండకుండా కరెంటు హీటర్ ఆన్ చేస్తే లోపలి ఎలిమెంటు మాడిపోతుంది. నీళ్లు వదిలేటప్పుడు పై కుళాయి తెరిచి ఉంచి, మెయిన్‌ని నెమ్మదిగా పావు వంతు తిప్పి, గాలి అంతా పోయాక పూర్తిగా తెరవాలి. జాయింటు చుట్టూ పొడి టిష్యూ చుట్టి పెట్టండి, కంటికి కనిపించని చెమ్మ కూడా దాని మీద తెలుస్తుంది. తర్వాత కుళాయిలన్నీ కట్టేసి బయట వాటర్ మీటర్ చూడండి. చాలా మీటర్లలో ఒక చిన్న త్రికోణమో చక్రమో ఉంటుంది, చుక్క నీళ్లు కదిలినా అది తిరుగుతుంది. గంటయ్యాక కూడా అది కదలకపోతే గోడ మూసుకోవచ్చు.

సొంత ఇల్లయితే ఇలాంటి చిన్న రిపేర్లు చేసుకోవడానికి చాలా చోట్ల అభ్యంతరం ఉండదు, పర్మిట్ అవసరమో కాదో సిటీ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. అద్దె ఇంట్లో మెయిన్ కట్టేసి ఓనర్‌కి ఫోన్ చెయ్యడం వరకే మన పని.

కోసి తీసిన ముక్కని పారేయకండి. నిలువుగా చీల్చి లోపల చూడండి. స్క్రూ దిగిన రంధ్రమైతే లోపలంతా నున్నగా ఉంటుంది, అక్కడితో కథ ముగిసింది. ఒక రంధ్రం చుట్టూ ఇంకా పది చోట్ల ఆకుపచ్చ బొబ్బలు, గుంటలు కనిపిస్తే మిగిలిన పైపూ అదే దారిలో ఉందని అర్థం. ఏడాదిలోపు ఇంకో రంధ్రం పడితే ఇక కప్లింగులు కొనడం ఆపి, ఇల్లంతా పైపు మార్చడానికి పెక్స్‌తో ఎంత, రాగితో ఎంత అని ముగ్గురు ప్లంబర్ల దగ్గర కొటేషన్ తీసుకోండి. ఆ ముక్క వాళ్లకి చూపించండి, మాట సూటిగా వస్తుంది.